ఒక మెతుకు లెక్క: ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారి జీవితము, వారి పని

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు మన యిండ్లలో ఆడవారు గిన్నెలోని అన్నమంతయు పట్టి చూడరు. ఒక్క మెతుకు వ్రేళ్ళనడుమ నలిపి చూచి గిన్నె దింపుదురు. అయితే ఆ యొక్క మెతుకు నమ్మదగినదగుట కొక కారణము గలదు. మరుగుచున్న నీరు బియ్యమును పైకిని క్రిందికిని త్రిప్పుచుండును గనుక గిన్నెలో నేమూలనున్న మెతుకైనను తక్కిన మెతుకులవంటిదే యగును. మన యూరి పొలము అట్టిది కాదు. మడవ దగ్గర చేను ఒకవిధముగ నుండును, చివరి మడి మరియొకవిధముగ నుండును. నల్లరేగడి యొకప్రక్క, చౌడు మరియొకప్రక్క. దీనిని కలిపి త్రిప్పు గరిట యేదియు లేదు. అట్టి పొలమునుండి నమ్మదగిన మెతుకును ఎట్లు తీయవలెను? ఈ ప్రశ్నకు మన దేశమున పెద్దయెత్తున సమాధానము చెప్పినవారిలో ప్రథముగా నెన్నదగినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు. వారి పేరు పట్టణములలో చదువుకొన్నవారికే గాని పల్లెలలో తెలియదు. కాని వారి పని ప్రతి సంవత్సరము మన చేలలోనికి వచ్చుచునే యున్నది. కావున ఈ మాసమున సంఘ సభ్యులకు వారి చరిత్రమును, దానినుండి మనము నేర్వదగిన పాఠమును వ్రాయుచున్నాము.

జననము, విద్య

మహలనోబిస్ గారు 1893 వ సంవత్సరము జూను 29 వ తేదీన కలకత్తా నగరమున జన్మించిరి. అచ్చటి బ్రహ్మసమాజమువారి బాలుర పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రమున 1912 లో పట్టము పొందిరి. మరుసటి సంవత్సరము ఇంగ్లండు వెడలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కింగ్స్ కళాశాలలో చేరిరి. ఆ కాలమున మన దక్షిణదేశపు గణితవేత్త శ్రీనివాస రామానుజము గారు గూడ కేంబ్రిడ్జిలోనే యుండిరి. ఇరువురికిని మంచి స్నేహము కలిగెను.

1915 లో పరీక్షయందు ప్రథమశ్రేణిని గెలిచి స్వదేశమునకు బయలుదేరు సమయమున, యుద్ధకారణమున ఓడ ఆలస్యమయ్యెను. ఆ విరామమున కళాశాల గ్రంథాలయములో నొక అధ్యాపకుడు వారికి 'బయోమెట్రికా' అను పత్రికా సంపుటములను చూపెను. ప్రాణికోటియొక్క కొలతలను లెక్కలచే విచారించు పత్రిక అది. మహలనోబిస్ గారు ఆ సంపుటములను కొని ఓడలోనే చదువ నారంభించిరి. భౌతికశాస్త్రము చదివినవారు సంఖ్యాశాస్త్రమునకు మరలుటకు ఇదియే మొదలు. సంఖ్యాశాస్త్రమనగా అనేక కొలతలను సేకరించి, వాని తారతమ్యములను గమనించి, ఏది నిజమైన భేదమో యేది యాదృచ్ఛికముగ కలిగినదో తేల్చు విద్య.

కలకత్తాకు వచ్చి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచునే, తమ గదిలో నొక మూలను కొందఱు సహాయకులతో లెక్కలపని సాగించిరి. అదియే పెరిగి 1931 డిసెంబరు 17 వ తేదీన భారత సంఖ్యాశాస్త్ర సంస్థ యయ్యెను. 1933 లో 'సాంఖ్య' యను పత్రికను స్థాపించిరి. 1936 లో వారు ప్రకటించిన యొక కొలమానము 'మహలనోబిస్ దూరము' అను పేరున నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది. పెక్కు కొలతల నొక్కమారు తీసికొని రెండు సమూహములు ఒకదానికొకటి ఎంత దగ్గరవో ఎంత వేఱో చెప్పుట దాని ప్రయోజనము.

నదుల లెక్క

1922 లో ఉత్తర బెంగాలున గొప్ప వరద వచ్చెను. వరదనీటిని నిలుపుటకై మిక్కిలి ధనవ్యయముతో జలాశయములు కట్టవలెనని ఇంజనీర్లు ఆలోచించిరి. మహలనోబిస్ గారు 1870 మొదలు 1922 వరకు గల వర్షపాతమును, వరదలను లెక్కించి, ఆ జలాశయములవలన ప్రయోజనము లేదనియు, నీరు వేగముగ పోవుటకు కాలువలను బాగుచేయుటయే తగిన మార్గమనియు చూపిరి.

1926 లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నది పొంగెను. నదిగర్భము ఇసుకచే మెట్టపడినదనియు, గట్లను మరికొన్ని అడుగు లెత్తవలెననియు నిపుణులు తలంచిరి. వీరు దీర్ఘకాలపు లెక్కలను పరిశీలించి నదిగర్భము మెట్టపడలేదని నిరూపించిరి. గట్లెత్తుటకు బదులు పైభాగమున ఆనకట్టలు కట్టి నీటిని నిలుపవలెనని సూచించిరి. తరువాతి కాలమున మహానదిపై హీరాకుడ్ ఆనకట్టను తలపెట్టినపుడు ఆ లెక్కలు ఉపకరించెను.

ఇందు రైతు గ్రహింపవలసిన విషయ మొక్కటి గలదు. నది మెట్టపడినదని కంటికి తోచెను, లెక్క కాదనెను. కంటికి తోచినదాని ననుసరించి గట్లెత్తియుండినచో ధనము పోవుటయే గాక వరద బాధయు తప్పకుండెడిది.

కంటి అంచనాయు కోత లెక్కయు

పూర్వము ఒక తాలూకాలో నెంత ధాన్యము పండెనో చెప్పుటకు ఒక సులభమైన పద్ధతి యుండెడిది. సాగైన విస్తీర్ణమును మామూలు దిగుబడిచే గుణించి, ఆ సంవత్సరము పంట ఎన్ని అణాల పంటయో దానిచే మరల సవరించెడివారు. విస్తీర్ణమును కరణము దస్త్రములో వ్రాయును గనుక కొంత నమ్మవచ్చును. కాని పంట పదియణాలా, పండ్రెండణాలా యను ఆనవారి మాత్రము కంటితో చూచి చెప్పు మాట. శిస్తు తగ్గవలెనను ఆశ రైతునకు, పై యధికారి కేది రుచించునోయను భయము క్రింది యుద్యోగికి. ఈ రెంటి నడుమ నిజము నలిగిపోయెడిది.

దాని ఫలము ఎంత ఘోరమగునో 1943 లో బెంగాలు కరవున కనబడెను. ఆ రాష్ట్రములో ఎంత బియ్యము గలదో, ఎంత కొఱత పడునో చెప్పగల నమ్మకమైన లెక్క ప్రభుత్వమువద్ద లేకుండెను. కరవునకు కారణములు పెక్కు. యుద్ధము, ధరలు, రవాణా, పాలకుల నిర్లక్ష్యము అన్నియు గలవు. అయినను లెక్క లేకపోవుటయు వానిలో నొకటి. కరవు తగ్గిన పిమ్మట మహలనోబిస్ గారును వారి సహచరులును పల్లెలకు పోయి, ఏ కుటుంబములు పొలము నమ్ముకొన్నవో, యేవి ఎద్దులను పోగొట్టుకొన్నవో మచ్చు విధానమున విచారించి ప్రకటించిరి.

మచ్చు విధానము

ధాన్యపు బస్తాలోనికి గొట్టము గ్రుచ్చి మచ్చు తీయుట వర్తకులకు అలవాటే. మచ్చు తీయుటను మహలనోబిస్ గారు కనిపెట్టలేదు. 1923 మొదలు బీహారు, ఒరిస్సాలలో హబ్బాక్ అను నుద్యోగి వరిపొలములలో యాదృచ్ఛికముగ చోట్లను ఎంచి కోసి తూచియుండెను. ఆ బీజమును ఒక రాష్ట్రమంతటికి సరిపడు వృక్షముగ పెంచినవారు మహలనోబిస్ గారు.

బెంగాలులో జనపనార ముఖ్యమైన వాణిజ్యపు పంట. పంట విస్తారముగ నున్నదని వదంతి పుట్టినచో ధర పడిపోవును, రైతు నష్టపడును. కావున నిజమైన లెక్క కావలెను. 1937 లో చిన్న ప్రయత్నముగ మొదలిడి, ఏటేట పెంచుచు, 1941 నాటికి రాష్ట్రమంతటను జనపనార సాగును మచ్చు విధానమున కొలిచిరి. పటముపై చిన్న చతురములను యాదృచ్ఛికముగ గుర్తించి, ఆ చతురములలో పడిన పొలములకు మాత్రమే మనుష్యులను పంపిరి. ఎంత చతుర మైన యెంత ఖర్చగును, ఎంత తప్పు మిగులును అను విషయమును గూడ ముందుగనే పరీక్షించి నిర్ణయించిరి. ఖర్చును తప్పును రెంటిని తక్కెడలో పెట్టి తూచుట వీరి పద్ధతియందలి విశేషము.

ఆ కాలముననే ప్రతి పొలమును తిరిగి పూర్తిలెక్క తీయుటయు జరిగెను. పూర్తిలెక్కకు వేలకొలది మనుష్యులు పనిచేసిరి. మచ్చులెక్కకు కొన్ని వందలమంది చాలిరి. ఖర్చు పదియవ వంతు మాత్రమే. తుదకు వర్తకుల లెక్కలతో పోల్చి చూడగా మచ్చులెక్కయే నిజమునకు దగ్గరగ నుండెను. ఇది వింతగా తోచును. అన్నియు లెక్కించినవారికంటె కొన్ని లెక్కించినవారు సరిగ చెప్పుట ఎట్లు? వేలమందిని తొందరగ కూర్చినపుడు వారికి తర్ఫీదు లేదు, వారిపై తనిఖీ లేదు. పొలమునకు పోకయే వ్రాసినవారిని పట్టుకొనుటకు వీలు లేదు. కొద్దిమందికి చక్కగ నేర్పవచ్చును, కనిపెట్టియుండవచ్చును. పని యెంత పెద్దదో యనుటకంటె ఎంత శ్రద్ధగ జరిగినదో యనునదే ముఖ్యము.

ఒకరి లెక్కకు మరియొకరి లెక్క

మనుష్యుడు లెక్కించునపుడు పొరపాటును రావచ్చును, మోసమును రావచ్చును. దీనికి మహలనోబిస్ గారు చేసిన యుపాయము మన సహకార సంఘమువారికి సులభముగ బోధపడును. ఒకే ప్రాంతములో రెండు వేర్వేరు మచ్చులను తీసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క జట్టు కప్పగించెడివారు. ఒక జట్టునకు మరియొక జట్టు ఏమి వ్రాసెనో తెలియదు. రెండు లెక్కలును దగ్గరగ నున్న యెడల నమ్మకము. దూరముగ నున్న యెడల తనిఖీ. మన గిడ్డంగిలో ఎరువుల బస్తాలను గుమాస్తా యొకమారు, పంచాయతుదారుడు వేఱొకమారు లెక్కించి, తరువాత రెండు చీట్లను ప్రక్కప్రక్కన పెట్టుట వంటిదే ఇది. ఇందు ఎవరినిగూడ దొంగయని యనుమానించుట లేదు. నిజాయితీగల వానికి ఇది రక్షణయే.

కోయు మడి యెంత యుండవలెను?

విస్తీర్ణము తేలిన పిమ్మట దిగుబడి తేలవలెను. ఈ విషయమున మన దేశపు పండితులలోనే యొక వాదము జరిగెను. మహలనోబిస్ గారు చిన్న చిన్న వృత్తములుగ కోయించిరి. చిన్నవైనచో ఎక్కువచోట్ల కోయవచ్చునని వారి యాలోచన. సతారా జిల్లాలో 1911 లో జన్మించిన పాండురంగ వాసుదేవ సుఖాత్మె గారు దీని నాక్షేపించి, చిన్న మడులలో దిగుబడి ఉన్నదానికంటె హెచ్చుగ కనబడునని 1940 ల దశకమున ప్రయోగములచే చూపిరి.

కారణము కోతకూలీకి గూడ తెలియును. త్రాడు వేసి గీత గీచినపుడు సరిగ గీతమీద పడిన దుబ్బును లోపలిదా బయటిదా యని తేల్చవలెను. చేయి సహజముగ లోనికే లాగును. ఒక మీటరు చతురమునకు చుట్టు గీత 4 మీటర్లు; వైశాల్యము 1 చదరపు మీటరు. అయిదు మీటర్ల చతురమునకు చుట్టు గీత 20 మీటర్లు. వైశాల్యము 25 చదరపు మీటర్లు. అనగా చదరపు మీటరొకటికి చిన్న మడిలో 4 మీటర్ల గీత, పెద్ద మడిలో 80 సెంటీమీటర్ల గీత మాత్రమే. గీత యెంత తక్కువయో అంత తక్కువ తప్పు. అందుచేతనే నేడు మన వరిచేలలో సాధారణముగ అయిదు మీటర్ల చతురమును కోయుదురు. గొప్పవాని పద్ధతిలో గూడ లోపముండవచ్చును. దానిని తోటి పండితుడు ప్రయోగముచే సవరించుటయే శాస్త్రము పెరుగు విధము.

స్వాతంత్ర్యానంతరము

1949 లో మహలనోబిస్ గారు కేంద్ర మంత్రివర్గమునకు గౌరవ సలహాదారులైరి. 1950 లో దేశమంతటను కుటుంబముల రాబడి, ఖర్చు, పని మొదలగువానిని విచారించు జాతీయ మచ్చు పరిశీలన ఆరంభమయ్యెను. 1956 లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు వారి లెక్కలే ఆధారము. అందు ఉక్కు మొదలగు పెద్ద పరిశ్రమలకు ప్రాధాన్యమిచ్చి వ్యవసాయమునకు చాలినంత ధనము కేటాయింపలేదని అనేకులు విమర్శించిరి. రైతుల పత్రికలో ఈ మాటను దాచుట న్యాయము కాదు. 1968 లో వారికి పద్మవిభూషణ బిరుద మీయబడెను. 1972 జూను 28 వ తేదీన, ఎనుబది సంవత్సరములు నిండకముందే, వారు స్వర్గస్థులైరి. 2007 మొదలు వారి జన్మదినమైన జూను 29 ని దేశమంతటను గణాంక దినముగ జరుపుచున్నారు.

మన తెలుగువారికి వారితో నొక సంబంధము గలదు. 1920 లో హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1941 లో కలకత్తాకు పోయి మహలనోబిస్ గారి సంస్థలో చేరిరి. తరువాత ప్రపంచ ప్రసిద్ధులై, 2023 లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానమును పొంది, ఆ యేడే ఆగస్టులో పరమపదించిరి.

మన యూరికి దీనితో నేమి పని?

పంట బీమా పథకములలో ప్రధానమైన పంటలకు ఒక్కొక్క రైతు నష్టమును వేర్వేరుగ తూచరు. గ్రామమున కొన్ని చోట్ల పంట కోసి, ఆ సగటునే గ్రామమంతటికి దిగుబడిగ నెంతురు. 2016 లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నియమములలో ప్రధాన పంటకు గ్రామ పంచాయతీ యొకటికి కనీసము నాలుగు కోతలని యుండెను. ఆ నాలుగు కోతలయందు ఊరివారందఱి భాగ్యము నిలిచియుండును. ఒక ఉదాహరణము కల్పించి చూపెదము.

అయిదు మీటర్ల చతురము 25 చదరపు మీటర్లు. ఎకరము సుమారు 4047 చదరపు మీటర్లు. కావున మడిలో వచ్చిన ధాన్యమును 162 చే గుణించిన ఎకరపు దిగుబడి వచ్చును. నాలుగు మడులలో ఆరిన ధాన్యము వరుసగా 14, 9, 12, 5 కిలోలు వచ్చినదనుకొందము. మొత్తము 40, సగటు 10, ఎకరమునకు 1620 కిలోలు. హామీ దిగుబడి 1800 కిలోలు, బీమా మొత్తము ఎకరమునకు 40,000 రూపాయలు అనుకొన్నచో, కొఱత 180 కిలోలు, అనగా నూటికి 10. పరిహారము 4,000 రూపాయలు.

ఇప్పుడు 5 కిలోలు వచ్చిన చివరి మడికి పోవుటకు దారి బురదగ నున్నదని, దానిని మాని దారిప్రక్కనున్న మరియొక చేనిలో కోయగా 9 కిలోలు వచ్చినదనుకొందము. మొత్తము 44, సగటు 11, ఎకరమునకు 1782 కిలోలు. కొఱత 18 కిలోలు, నూటికి 1. పరిహారము 400 రూపాయలు. ఒక్క మడి మారినందున ఊరిలో ప్రతి యెకరమునకు 3,600 రూపాయలు పోయెను. ఎవడును దొంగిలింపలేదు, కాళ్ళకు బురద కాకూడదని తలచుటయే జరిగెను.

ఇట్లే మనవారు బ్రతిమాలి మంచి మడిని తప్పించి చెడు మడిని కోయించుటయు నున్నది. అది పరుల సొమ్ము. అంతేగాక హామీ దిగుబడిని గత సంవత్సరముల దిగుబళ్ళనుండి కట్టుదురు గనుక, ఏటేట తక్కువ వ్రాయించుకొన్న యూరికి హామీయు తగ్గిపోవును. అబద్ధపు కొలత నేడు చేతికి రూపాయి నిచ్చి, నిజమైన కరవు వచ్చిననాడు చేయి వదలును.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

1. ఏ సర్వే నంబరులో కోయవలెనో యాదృచ్ఛిక సంఖ్యలచే ముందుగ నిర్ణయింపబడియుండును. ఆ నంబరు నడిగి తెలిసికొనుడు. ఆ చేను మంచిదైనను చెడ్డదైనను అందే కోయవలెను.

2. చేనిలో సాధారణముగ నైఋతి మూలనుండి అడుగులు కొలిచి, సంఖ్యల ననుసరించి చోటు గుర్తింతురు. "ఇచ్చట బాగున్నది, ఇచ్చట కోయుడు" అను మాటకు తావు లేదు.

3. త్రాడు బిగువుగ కట్టి, మూలలు సరిచూచి, కోయుడు. నూర్పిడిలో గింజ రాలకుండ పట్ట పరువుడు. మడిలో నొక్క కిలో తేడా వచ్చిన ఎకరమునకు 162 కిలోల తేడా యని మరువకుడు.

4. పచ్చి ధాన్యపు తూకమును, ఆరిన ధాన్యపు తూకమును వేర్వేరుగ వ్రాయవలెను.

5. తమ చేనిలో కోత యన్న రైతు విసుగుకొనకుడు. ఆ దినమున అతని మడి ఊరందఱి తరఫున సాక్ష్యము చెప్పుచున్నది. తీరికగలవారు ఇద్దఱు ముగ్గురు దగ్గరనుండి చూచుట మంచిది.

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు

ఈ విద్య ప్రభుత్వమువారికే గాక మన సొంత సేద్యమునకును పనికివచ్చును. మేము పొలములు తిరుగునపుడు భూసార పరీక్షకై గట్టు ప్రక్కనుండి ఒక్క పిడికెడు మన్ను తెచ్చి యిచ్చువారిని చూచుచున్నాము. ఆ మన్ను గట్టుసంగతి చెప్పును గాని చేనిసంగతి చెప్పదు. చేను వంకరటింకరగ నడచి, ఎనిమిది పది చోట్ల, గట్లను, చెట్లనీడను, పెంటపోగు చోటును విడిచి, ఆరంగుళముల లోతువరకు మన్ను తీయవలెను. అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెంటిని పారవేయుచు, అరకిలో మిగులువరకు తగ్గింపవలెను. ఇక్కడ మనమే గరిటతో కలిపి మెతుకు తీయుచున్నాము.

విత్తన పరీక్షయు నిట్లే. బస్తా పైనుండి గాక పై, నడుమ, అడుగు భాగములనుండి తీసి కలిపి, కన్ను మూసికొని 100 గింజలు లెక్కించి తడిగుడ్డలో మొలకెత్తింపుడు. లావు గింజలను ఏరి పెట్టినచో బస్తాను గాక మన కోరికను పరీక్షించినట్లగును.

క్రొత్త ఎరువును చూచునపుడు, మంచి మడిలో ఎరువు వేసి చెడు మడిని ఊరక విడిచి, "ఎరువు గొప్పది" యనుట తగదు. చేను కొన్ని సమభాగములు చేసి, చీట్లు వేసి, చీటీ వచ్చిన భాగములకే ఎరువు వేయుడు. మహలనోబిస్ గారు 1924 ప్రాంతమున పంటప్రయోగములను విచారింప నారంభించినపుడు ఎదుర్కొన్న చిక్కు ఇదియే. ఇంగ్లండులో ఫిషర్ గారును దీనినే పరిష్కరించిరి. ఇరువురికిని తరువాత మైత్రి కలిగెను.

తుదిమాట

పంటను దాచిన రైతునకు శిస్తు తగ్గిన కాలము గతించినది. ఇప్పుడు ధర, బీమా, ఎరువుల కేటాయింపు, కొనుగోలు అన్నియు లెక్కను బట్టి నడచుచున్నవి. లెక్కలో లేని పంటకు గిడ్డంగి లేదు. లెక్కలో లేని నష్టమునకు పరిహారము లేదు. రాబోవు కోతల కాలమున మన గ్రామములలో పంటకోత ప్రయోగములు జరుగు దినములను సంఘ కార్యాలయమున తెలిసికొని, సభ్యులు హాజరుకావలెనని కోరుచున్నాము. చీటీ యే చేనికి వచ్చెనో ఆ చేనిలోనే, త్రాడు పడిన చోటనే, అందఱి యెదుట కోసి తూచుడు.